ఆంగ్లభాషాదోషములు

మన పట్టణములలోని పఠనమందిరములకు పోవువారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. బల్లచుట్టును నలుగురు పెద్దలు కూర్చుండి యుందురు. అందొకరు పురపాలకసంఘమువారి ఆంగ్లప్రకటననో, వీథిలోని యంగడిపలకనో ప్రస్తావించి, అందలి వ్యాకరణదోషమును బయటపెట్టి నవ్వుదురు. తక్కినవారును నవ్వుదురు. ఆ ప్రకటనవలన నీటిపన్ను పెరిగినదా, తగ్గినదా యన్న విచారము ఆ నవ్వులో కొట్టుకొనిపోవును. మఱునాడు అదే బల్లమీదికి ఒక తెలుగు కరపత్రము వచ్చును. అందు 'ప్రథమ' యనవలసినచోట 'ప్రధమ' యనియు, 'అర్థము' అనవలసినచోట 'అర్ధము' అనియు అచ్చుపడియుండును. అక్షరము మాఱుటచే అర్థము సగమై పోయినను అప్పుడు నవ్వువారుండరు. అసలు చూచువారే యుండరు.

ఆంగ్లమును తప్పులతో వ్రాయుట మంచిదని మా వాదము కాదు. ఏ భాష వ్రాసినను చక్కగా వ్రాయవలెను. పరభాష యైనచో మఱింత జాగ్రత్త వలయును. కాని తప్పును చూచినపుడు కలుగు చిరాకు ఒకే విధమైనది కాదు. అర్థము చెడినందుకు కలుగునది వేఱు. మన యలవాటునకు భిన్నముగా నున్నందుకు కలుగునది వేఱు. తప్పు చేసినవాడు మనకంటె తక్కువ చదువుకొన్నవాడని తెలిసినందుకు కలుగు చిరాకు మఱియొకటి గలదు. అందులో కొంత సంతోషమును కలసియుండును. వీనినన్నిటిని వ్యాకరణాభిమానమను ఒక్క పేరుతో పిలుచుటచేత చిత్రమైన ఫలము కలిగినది. నవ్వు పుట్టించు తప్పులవలన సాధారణముగా ఎవరికిని హాని లేదు. హాని చేయు తప్పులను చూచి నవ్వువాడు లేడు.

ఈ చిరాకు మనకు మాత్రమే పట్టిన జాడ్యమని యనుకొనరాదు. ఆంగ్లము మాతృభాషగా గల దేశములలోనే ఇది ఉద్యమరూపము దాల్చినది. ఇంగ్లండులో జాన్ రిచర్డ్సు అను విశ్రాంత పాత్రికేయుడు 2001లో అపాస్ట్రఫీ సంరక్షణార్థము ఒక సంఘమునే స్థాపించెను. అక్షరముల తల ప్రక్కన వ్రేలాడు ఆ చిన్న కొక్కెమును కూరగాయల దుకాణదారులు బహువచనములకు సైతము తగిలించుటయు, కావలసినచోట విడిచిపెట్టుటయు ఆయనకు భరింపరానిదయ్యెను. సుమారు పదునెనిమిదేండ్లు పోరాడి, 2019లో, తొంబదియాఱేండ్ల ప్రాయమున, అజ్ఞానమును సోమరితనమును గెలిచినవని ప్రకటించి ఆయన ఆ సంఘమును మూసివేసెను. ఆయనను పరిహసించుటకు మాకు మనసొప్పదు. ఒక చిన్న వస్తువును నమ్మి ముసలితనమును దానికి ధారపోసినవాడు గౌరవార్హుడే.

లిన్ ట్రస్ అను రచయిత్రి 2003లో విరామచిహ్నములనుగూర్చి ప్రకటించిన 'ఈట్స్, షూట్స్ అండ్ లీవ్స్' అను గ్రంథము లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయెను. పేరులోనే చమత్కారము గలదు. కామా లేనిచో పాండా యను జంతువు వెదురుమొలకలను ఆకులను తినునని యర్థము. కామా పెట్టినచో అది భోజనము చేసి, తుపాకి కాల్చి, వెడలిపోవును. తప్పును లేశమాత్రమును సహింపరాదన్నది ఆ గ్రంథకర్త్రి ప్రతిజ్ఞ. అయితే 2004లో 'న్యూయార్కర్' పత్రికలో లూయీ మెనాండ్ అను విమర్శకుడు ఆ గ్రంథమునందలి మొదటి విరామచిహ్నదోషము అంకితపత్రముననే యున్నదని చూపెను!

ఆ యంకితము 1905లో సమ్మె కట్టిన రష్యాదేశపు అచ్చుకూర్పరులకు చేయబడినది. దోషమట్లుండ, ఆ కథ మన పాఠకులు తెలిసికొనదగినది. కూర్పరులకు వేయి అక్షరములకింత యని కూలి. కామాలకును చుక్కలకును కూలి లేదు. ఆ సంవత్సరము మాస్కోలోని సీతిన్ ముద్రణాలయపు పనివారు, పని గంటలు తగ్గింపుమనియు, విరామచిహ్నములను సైతము అక్షరములతో సమానముగా లెక్కింపుమనియు కోరి పని మానివేసిరి. ఆ సమ్మె ఇతర ముద్రణాలయములకును, రైలుమార్గములకును ప్రాకి, దేశమంతట సమ్మెగా మాఱి, తుదకు జారు చక్రవర్తిచేత అక్టోబరు ప్రకటనను వ్రాయించెను. అచ్చుకూర్పరి చేతివ్రేళ్లకు కామా ఎంత బరువో, చదువువారు ఎన్నడైన తలచిరా?

ఇక నియమముల సంగతి చూతము. 'ఇట్స్' అను మాట 'దానియొక్క' యను నర్థమున వచ్చినపుడు అపాస్ట్రఫీ యుండరాదు, 'అది యైయున్నది' అను నర్థమున వచ్చినపుడు ఉండవలెను. నేడు ఆంగ్లపాఠకులకు మిక్కిలి కోపము తెప్పించు తప్పు లందిదియు నొకటి. కాని పదునేడు, పదునెనిమిదవ శతాబ్దులలో విద్యావంతులే 'దానియొక్క' యను నర్థమునకు అపాస్ట్రఫీతో వ్రాయుచుండిరి. 1787లో సిద్ధమైన అమెరికా రాజ్యాంగపు మూలప్రతియందు, మొదటి అధికరణములోని పదవ విభాగమున, ఈ నాటి బడిపిల్లవాడు వ్రాసినచో ఎఱ్ఱసిరాతో కొట్టివేయదగిన ఆ రూపమే యున్నది. ఆ దేశమున 1890నుండి భూగోళనామములను నిర్ణయించుచున్న మండలి, ఊళ్లపేళ్లలోను కొండలపేళ్లలోను అపాస్ట్రఫీని వదలివేయుమని చెప్పుచు, వ్రేళ్లమీద లెక్కింపదగిన పేళ్లకు మాత్రమే మినహాయింపు నిచ్చినది. 2009లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ నగరపాలకులు వీథిపలకలనుండి దానిని తొలగింప నిశ్చయించిరి. పత్రికలలో గగ్గోలు పుట్టినది. ఆ వీథులలో దారి తప్పినవాడు మాత్రము ఎవ్వడును లేడు.

మఱికొన్ని నియమములకు పుట్టుకయే వింతగా నుండును. వాక్యము చివర 'విత్', 'టు', 'ఫర్' వంటి మాటలు రాగూడదని మన బడులలో బోధించిన ఉపాధ్యాయులు ఎందఱో గలరు. కవి డ్రైడెన్ 1672లో బెన్ జాన్సన్ రచనలయం దీ పద్ధతిని తప్పుపట్టెను. తరువాత తన పూర్వరచనలో తానే యట్లు వ్రాసియుండుట చూచుకొని, 1684 నాటి ప్రతిలో దిద్దుకొనెను. 1762లో రాబర్ట్ లౌత్ అను మతాచార్యుడు ప్రకటించిన వ్యాకరణమున దీనిని ప్రస్తావించి, గంభీరరచనలకు ఇది తగదని చెప్పెను. చెప్పిన వాక్యములోనే ఆ పద్ధతిని తాను వాడెను! తెలిసి చమత్కారమునకు చేసెనో, తెలియకయే చేసెనో విద్వాంసులు నేటికిని తర్కించుకొనుచున్నారు. లెక్కింపదగిన వస్తువులకు 'ఫ్యూయర్' అనవలెను గాని 'లెస్' అనరాదను నియమము 1770లో రాబర్ట్ బేకర్ అను నాతడు తన యభిరుచిగా మాత్రమే సూచించినది. ఒకని యభిరుచి నూఱేండ్లలో శాసనమైనది. 2008లో ఇంగ్లండునందలి పెద్ద యంగళ్లసంస్థ యొకటి ఈ విషయమై వచ్చిన ఫిర్యాదులకు తాళజాలక, సొమ్ము చెల్లించు వరుసల పైనున్న పలకలలోని మాటలనే మార్చివేసెను.

'టు' అను మాటకును క్రియకును నడుమ మఱియొక మాట దూరరాదను నియమమును ప్రచారము చేసినవారిలో కాంటర్‌బరీ చర్చి పెద్ద హెన్రీ ఆల్ఫర్డ్ ముఖ్యుడు. రాణిగారి ఆంగ్లమను పేర 1864లో ఆయన గ్రంథము వెలువడెను. అట్టి ప్రయోగము ఆంగ్లరచయితలకు తెలియనిదని ఆయన వ్రాసెను గాని, అది పదునాల్గవ శతాబ్దినుండియు ఆంగ్లరచనలలో కన్పట్టుచునే యున్నది. అంతలో వాషింగ్టన్ మూన్ అను నాతడు 'పెద్దగారి ఆంగ్లము' అను నర్థము వచ్చు పేరుతో ప్రతిగ్రంథము వ్రాసి, ఆల్ఫర్డ్ వాక్యములలోని తప్పులను వరుసగా ఏర్చి చూపెను.

తెలుగువారికి ఈ కథ వినగానే గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి రాకమానరు. గ్రాంథికమే వ్రాయవలెనని పట్టుపట్టిన పండితుల గ్రంథములను ముందుంచుకొని, వారు తమ నియమములనే పాటింపజాలకున్నారని 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము' అను గ్రంథమున పంతులుగారు ఉదాహరణములతో ఋజువుచేసిరి. మేమును ఈ వ్యాసమును గ్రాంథికముననే వ్రాయుచున్నాము గనుక, ఇందలి తప్పులను పట్టదలచిన పంతులుగారి శిష్యులకు శ్రమ యుండదని యొప్పుకొనుచున్నాము.

నియమములన్నియు కల్పితములే యని దీనిభావము కాదు. భాషకు కట్టుబాటు వలయును. కట్టుబాటు ఎవరు చేసిరి, ఎప్పుడు చేసిరి, దానివలన అర్థమునకేమి మేలు కలిగినది యని విచారింపక, పరుల తప్పులకు తీర్పు చెప్పుట మాత్రము తగదు. ఇంగ్లండులో ఆ తీర్పువలన దుకాణదారుని మనసు కొంత నొచ్చును, అంతే. మన దేశమున దాని ఫలము వేఱు. మెకాలే 1835లో తన విద్యాలేఖను వ్రాసిన నాటినుండి, ఉద్యోగము ఆంగ్లముతో ముడివడినది. ఆంగ్లము నేర్వుమన్నవారే, నేర్చినవానిని చూచి నవ్విరి. 1897లో ఎఫ్. ఆన్‌స్టీ యను హాస్యరచయిత 'బాబూ జబర్జీ, బి.ఏ.' అను పుస్తకమున వంగదేశీయుడైన పట్టభద్రునిచేత వంకరటింకర ఆంగ్లము మాటాడించి తెల్లవారిని కడుపుబ్బ నవ్వించెను. 1947లో వారు పోయిరి. నవ్వును మాత్రము మనకు వదలిపెట్టిపోయిరి. నేడు ఉద్యోగపరీక్షకు వచ్చిన పల్లెటూరి యువకుని ఎదుట కూర్చుండి ఆ నవ్వు నవ్వుచున్నవారు మనవారే.

ఆ యువకుడు చేయు తప్పులేవి? పరిశీలించిన కొలది అవి అజ్ఞానమువలన పుట్టినవి కావనియు, అవి తెలుగువాక్యము ఆంగ్లపు దుస్తులు ధరించుటచే పుట్టినవనియు తేలును. ఒక విషయమును గూర్చి చర్చించితి మందుము గనుక 'డిస్కస్' అను క్రియకు 'ఎబౌట్' చేర్చును. ఆంగ్లేయుడు 'టాక్' అను క్రియకును, 'డిస్కషన్' అను నామమునకును అదే 'ఎబౌట్' చేర్చి వాడుచున్నాడు. 'డిస్కస్' అను క్రియకు మాత్రము కూడదనుట వాడుకయే గాని తర్కము కాదు. తిరిగి వచ్చితి నందుము గనుక 'రిటర్న్' పిమ్మట 'బ్యాక్' వచ్చినది. 'నేడే' యనునపుడు ఏకారముచే మనము తెలుపు నొక్కును వాడు 'టుడే ఇట్‌సెల్ఫ్' అని పలుకును. మన మాటలలో 'ఏ', 'ది' యనువానికి సరియైనవి లేవు. కావున ఎచట పెట్టవలెనో ఎచట మానవలెనో వానికి జన్మాంతమున గాని పట్టుపడదు. వాయిదా వేయుటకు 'పోస్ట్‌పోన్' ఉన్నది గదా, ముందునకు జరుపుటకేమి యని యోచించి మనదేశమువారు వాడుకలోనికి తెచ్చిన 'ప్రీపోన్' అను మాటను మొదట నవ్వినవారే, అది ఆక్స్‌ఫర్డు నిఘంటువున చేరినపిదప మౌనము వహించిరి.

అన్నిటికంటె ఎక్కువగా పరిహాసమునకు గుఱియైనది 'కజిన్ బ్రదర్' అను మాట. 'కజిన్' అన్నచో చాలును, 'బ్రదర్' ఏల యని యడుగుదురు. చాలునా? పెదతండ్రి కొడుకు మనకు అన్న. పినతల్లి కొడుకు తమ్ముడు. మేనమామ కొడుకు బావ, లేదా బావమఱది. మొదటి యిద్దఱు తోడబుట్టినవారితో సమానము, మూడవవానికి మన యింటి పిల్లను ఇచ్చుట మన ప్రాంతమున అనాదిగా నున్న వాడుక. ఈ భేదమును ఆంగ్లమునందలి ఒక్క మాట మ్రింగివేయుచున్నది. పెదతండ్రి కుమారుని వరునితో కలిపి ఒకే పేర పిలుచుటకు నోరు రాక, తెలుగువాడు 'బ్రదర్' అను మాటను తోడు తెచ్చుకొనెను. ఇది భాషాదారిద్ర్యమైనచో, ఆ దారిద్ర్యము ఎవరి భాషది?

ఈ తప్పులలో ఒక్కటియైనను అర్థమును చెఱుపదు. విన్నవాడు నవ్వుచున్నాడనగా వానికి అర్థమైనదనియే గదా.

ఇపుడు నవ్వు పుట్టింపని తప్పు నొకదానిని చూపెదము. "రైలు రాలేదా?" యని యడిగినపుడు, రానిచో తెలుగువాడు "అవును, రాలేదు" అనును. అడిగిన మాట నిజమని అతడు ఒప్పుకొనుచున్నాడు. ఆంగ్లేయు డదే సందర్భమున "నో" యనును. వాని దృష్టి రాలేదన్న నిజముపై నుండును గాని, ప్రశ్నపై నుండదు. ఇప్పుడు సాక్షి బోనులో నిలుచున్న తెలుగు రైతును తలచుకొనుడు. "నీ వా మనుష్యుని చూడలేదా?" యని న్యాయవాది యడుగును. "అవును" అని రైతు చెప్పును. చూడలేదని వాని భావము. ఆ "అవును" అను మాట "యెస్" అని కాగితముమీదికి ఎక్కినచో, చూచితినని చదువుకొనవచ్చును. సాక్షి తెలుగున చెప్పినది ఆంగ్లమున టైపు చేయబడుట మన న్యాయస్థానములలో పెక్కింట నేటికిని గల యాచారము. ఆ కాగితమునందు వ్యాకరణదోషము కనబడదు, అక్షరదోషము కనబడదు, పఠనమందిరమున దానిని చదివి నవ్వువాడు పుట్టడు. మనిషి మాత్రము చెఱసాలకు పోవచ్చును.

కామాల విషయమును నట్టిదే. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున, అదనపు గంటల పనికి అదనపు కూలి యీయనక్కఱలేని పనుల పట్టిక యొకటి చట్టమున నుండెను. పట్టిక తుదిని, సరుకును రవాణాకు మూట కట్టుటయు పంపిణీయు ఒకదానిప్రక్క నొకటి, నడుమ కామా లేకుండ వచ్చినవి. పంపిణీ వేఱొక పనియా, లేక రవాణాకుగాని పంపిణీకిగాని మూట కట్టుట యను ఒకే పనియా? పాలబండ్లు తోలువారు రెండవయర్థము పట్టుకొని, తాము మూటలు కట్టువారము కాము గనుక అదనపు కూలి మాకు రావలెనని వ్యాజ్యము వేసిరి. 2017లో పై న్యాయస్థానము చట్టము సందిగ్ధమని చెప్పి, సందేహమున్నచోట పనివారికి మేలుచేయు నర్థమే గ్రహింపవలెనని తీర్పు చెప్పెను. 2018లో పాలసంస్థ యాబది లక్షల డాలర్లకు రాజీపడెను. పిమ్మట శాసనకర్తలు ఆ పట్టికయంతయు సెమికోలనులతో నింపివేసిరి. ఆ చట్టమును వ్రాసినవారికి ఆంగ్లము మాతృభాష యని మఱువరాదు. తెలుగున నైనచో 'రవాణాకు, పంపిణీకి మూటకట్టుట' యన్న ఒక అర్థము, 'రవాణాకు మూటకట్టుట, పంపిణీ చేయుట' యన్న వేఱొక యర్థము. మన విభక్తిప్రత్యయము ఆంగ్లమున కామా చేయు పనిని మాటలోనే చేసివేయును.

ధనము పోయిన కథ యిది; ప్రాణము పోయిన కథ యున్నది. ఐర్లండు స్వాతంత్ర్యమునకై జర్మనీకి పోయి సహాయము కోరిన రోజర్ కేస్‌మెంట్ 1916లో లండనున రాజద్రోహనేరముపై విచారింపబడెను. 1351 నాటి చట్టము నార్మన్ ఫ్రెంచిభాషలోనిది. రాజ్యమునందుండి శత్రువులతో చేరుటయే దానిప్రకారము నేరమనియు, కేస్‌మెంట్ చేసినదంతయు రాజ్యము వెలుపల జరిగినదనియు అతని న్యాయవాది వాదించెను. 'మఱియొకచోట నైనను' అను మాటలు దేనికి అన్వయించునన్నది ప్రశ్న. న్యాయమూర్తు లిద్దఱు దస్తావేజుల భాండాగారమునకు పోయి, అయిదువందల యఱువదియైదేండ్లనాటి తోలుచుట్టను విప్పి, మాటల నడుమ గీత యున్నదా, లేదా యని పరీక్షించిరి. 1916 ఆగస్టు 3వ తేదీని కేస్‌మెంట్ ఉరితీయబడెను. కామా ఆయనను ఉరితీసిన దని లోకోక్తి. ఆ తీర్పువెనుక మహాయుద్ధమును, రాజ్యాభిమానమును లేవని నమ్ముటకు మేము సిద్ధముగా లేము. ఉరి వేయదలచినవానికి కామా దొరకకపోదు.

మనదేశమున మన సుప్రీముకోర్టు 1952లో విరామచిహ్నములు చట్టములను వ్యాఖ్యానించుటలో స్వల్పాంశములనియే చెప్పియున్నది. ఐనను 1979లో ఔషధముల చట్టపు 27వ సెక్షనుపై వచ్చిన యభియోగమున అదే న్యాయస్థానము కామాను వెదకికొని పోయెను. తయారుచేయుట, అమ్ముట యను మాటల వెంబడి కామా లున్నవి. 'నిలువ యుంచుట' యను మాట వెంబడి లేదు. కావున 'అమ్మకమునకై నిలువయుంచుట గాని ప్రదర్శించుట గాని' యని యంతయు కలిపి చదువవలెననియు, అమ్మకపుటుద్దేశము లేక ఊరక దగ్గఱ నుంచుకొనుట ఆ సెక్షను క్రింద నేరము కాదనియు తీర్పు వచ్చినది. లేని కామా యొకటి నేరమునకును నేరము కానిదానికిని నడుమ గోడ యైనది. తీర్పు న్యాయమైనదే. కాని చట్టముచేత కట్టుబడు మందులదుకాణపు గుమాస్తాకు ఆ కామా లేని సంగతి తెలియుటెట్లు? వానికి తెలిసిన భాషలో ఆ చట్టమునకు ప్రామాణ్యము లేదే!

అసలైన చిరాకు మనకు కలుగవలసిన చోటిది. రాజ్యాంగపు 348వ అధికరణము ప్రకారము, పార్లమెంటు వేఱువిధముగా శాసించువఱకు, సుప్రీముకోర్టు, హైకోర్టుల వ్యవహారములును, చట్టముల ప్రామాణికపాఠములును ఆంగ్లముననే యుండవలెను. రాష్ట్రశాసనసభ తన భాషలో చట్టము చేసినను, దాని యాంగ్లానువాదమునకే ప్రామాణ్యము. 1966లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అధికారభాషా చట్టము చేసి తెలుగును గద్దె నెక్కించినది. కాని తెలుగుపాఠమునకును ఆంగ్లపాఠమునకును భేదము వచ్చినచో గెలుచునది ఆంగ్లపాఠమే. 2019నుండి సుప్రీముకోర్టు తీర్పులకు తెలుగుతోగూడ పలుభాషలలో అనువాదములు వెలువడుచున్నవి, సంతోషమే. కాని ఆ యనువాదము కక్షిదారుడు తెలిసికొనుటకు మాత్రమేయనియు, సకలవ్యవహారములకు ఆంగ్లప్రతియే ప్రమాణమనియు దానియందే సూచన యుండును. 2023 జూన్ నెలలో తెలంగాణా హైకోర్టు ధర్మాసన మొకటి ఆస్తివివాదమున తీర్పును తెలుగున వెలువరించి, ఇది సాధ్యమేయని చూపినది. ఒక్క తీర్పుతో నది నిలిచిపోరాదు.

గవర్నరు, రాష్ట్రపతి యొక్క పూర్వసమ్మతితో, హైకోర్టు వ్యవహారములలో రాష్ట్రభాషను అనుమతింపవచ్చునని అదే అధికరణము చెప్పుచున్నది. తీర్పులకును ఆ సౌకర్యమును 1963 నాటి అధికారభాషల చట్టపు 7వ సెక్షను కల్పించినది, ఆంగ్లానువాదమును జతపఱచవలెనని మాత్రము విధించినది. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహారు రాష్ట్రములకు హిందీ విషయమున అనుమతి లభించినది. తమిళనాడు మొదలగు రాష్ట్రములు తమ భాషలకు కోరినపుడు లభింపలేదు. హిందీకి తగినది తమిళమునకు, తెలుగునకు తగకపోవుట యెట్లో చెప్పవలసినవారు చెప్పవలెను. మన రెండు శాసనసభలును ఈ యనుమతిని తీర్మానపూర్వకముగ కోరవలెను. అది వచ్చులోపల, సాక్షి తెలుగున పలికిన మాటను తెలుగుననే వ్రాసికొను నియమమును జిల్లా న్యాయస్థానములలోనైన ఖండితముగ అమలుజరుపవలెను. ఉద్యోగపరీక్షలు జరుపువారును, పని ఆంగ్లరచనకు సంబంధింపనిచోట, అభ్యర్థి చెప్పినది అర్థమైనదా లేదా యని మాత్రమే చూడవలెను.

రాబోవు సమావేశములలో, ఏ పక్షమువారైనను, ఈ ప్రశ్నను శాసనసభలో లేవనెత్తిన సభ్యుల ప్రసంగములను ఉన్నదున్నట్లు ప్రకటించుటకు మా పుటలు తెఱచియున్నవి. వానిని తెలుగున పంపవలెనని మాత్రము మా మనవి.